సగంలో ఆపాల్సిన గొంతు

పక్షవాతం వచ్చి, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక నా నోట్లో మిగిలింది ఒక్క ముక్కే. "ముందుకి జరగండి." బస్సులో కండక్టరుగా అరిచీ అరిచీ అరగదీసిన ముక్క. మంచినీళ్లు అడగబోయినా అదే, ఫ్యాను తగ్గించమని చెప్పబోయినా అదే. బుర్రలో మాట చక్కగానే ఉంటుంది. నోటిదాకా వచ్చేసరికి ఇది అడ్డంగా నిలబడుతుంది. మొదట్లో మా ఆవిడ నిజంగానే జరిగేది, పాపం.

మాటలు నేర్పే టీచరమ్మది మా అమ్మాయి వయసు. కుడిచెయ్యి స్వాధీనంలో లేదని నా ఎడమచేత్తో బల్లమీద తట్టించేది. అక్షరానికో దెబ్బ. దాంతోపాటు రెండే స్వరాల్లో, కిందికీ పైకీ, కూనిరాగం తీయించేది.

"మాట్లాడే చోటు దెబ్బతింది గానీ పాడే చోటు బాగానే ఉంది బాబాయ్. ఆ దారిన తిప్పి తెచ్చుకుందాం" అనేది.

చిన్నప్పుడే బడి ఎగ్గొట్టి బయటపడ్డవాణ్ణి. యాభై దాటాక మళ్లీ పలక పట్టించినట్టుండేది. తలుపు సందులోంచి ఎవరు తొంగిచూసినా తల భూమిలో పెట్టుకోవాలనిపించేది.

ఇంతలో డిపో మేనేజరు కబురు పెట్టాడు. బస్సెక్కలేకపోతే టికెట్ల కౌంటర్లో కూర్చోబెడతాడట, కానీ నేనే వచ్చి నా నోటితో అడగాలట. ఇక ఒక్క వాక్యమే పట్టుకున్నాం. నా-కు-ప-ని-కా-వా-లి.

ఇంటి దగ్గర సాధన చేయించే పని మా ఆవిడది. "మొదట ఇద్దరూ కలిసి పాడండి పిన్నీ. తర్వాత మీరు సగంలో ఆపెయ్యాలి. మిగతాది ఆయనే లాక్కోవాలి. జాలిపడితే చెడిపోతుంది" అని టీచరమ్మ గట్టిగానే చెప్పింది.

ఆవిడ ఆపేది. నాకు మాట తెగేది. నేను కళ్లెర్రజేసి చేతికందిన గ్లాసు విసిరేవాణ్ణి. ఆవిడ మళ్లీ అందుకునేది. పోనుపోను ఆపడమే మానేసింది. పెదవులు కదిలీ కదలకుండా చివరిదాకా నాతోనే వచ్చేది. వాక్యం పట్టుబడిందని ఇద్దరం మురిసిపోయాం.

డిపోకి వెళ్లిన రోజు మేనేజరు ఆవిడని బయట బెంచీ మీదే కూర్చోమన్నాడు. గదిలో ఆయనా, ఒక క్లర్కూ, నేనూ.

"ఆఁ, చెప్పవయ్యా. ఏం కావాలి?"

బల్లమీద తట్టాను. నా-కు-ప-ని... పక్కన గొంతు లేదు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ముందుకి జరగండి" అన్నాను మేనేజరుతో.

"ఇంకా ముందుకంటే సారు బల్లెక్కాలి అన్నా" అన్నాడు క్లర్కు, నవ్వాపుకోలేక.

మళ్లీ తట్టాను. మళ్లీ అక్కడే తెగింది. చెవులు కాలిపోతున్నాయి. లేచి, తలుపు తీసి, మా ఆవిణ్ణి మణికట్టు పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను.

"నేను పక్కనుంటే వస్తుందండీ" అందావిడ, కొంగు సర్దుకుంటూ.

ఆ గదిలో, ఆ ఇద్దరి ముందు, మొగుడూ పెళ్లాం రాగం తీశాం. వాక్యం మొత్తం వచ్చింది. క్లర్కు నవ్వడం మానేసి కాగితాలు సర్దుకోసాగాడు. అతను నవ్వుతూ ఉన్నా బాగుండేది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "కౌంటరుకి ఈవిణ్ణీ తెచ్చుకోలేవు కదయ్యా. పార్సిల్ గదిలో వేస్తాలే. అక్కడన్నీ మూటలే. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు."

"మీ పేరు చెప్పుకుని బతుకుతాం సార్. రేపే వస్తారు" అంది మా ఆవిడ.

మెట్లమీద ఆగి కళ్లు తుడుచుకుంది. "నేను సగంలో ఆపి ఉంటే ఆ కౌంటరే ఇచ్చేవారు. నాదేనండీ తప్పు."

కాదు అనాలి. గ్లాసు విసిరింది నేను అనాలి. ఆ మాటలకి ఎవరూ రాగం కట్టివ్వలేదు. రెయిలింగు మీద తట్టాను, ఇంకా తట్టాను. ఏమీ రాలేదు. నా చెయ్యి చూసి, సాయం చేద్దామని, ఆవిడ తనకు తెలిసిన వాక్యమే అందుకుంది. నా-కు-ప-ని.

నేనూ గొంతు కలిపాను. మెట్లు దిగుతున్నవాళ్లు తలలు వంచుకుని మా పక్కనుంచి వెళ్లిపోయారు.