శివారుకు చేరిన చీర

కాలువకు నీళ్లు వదిలే రోజున గంగమ్మకు చీర పెట్టడం మా వైపు ఆనవాయితీ. కాలువ తల దగ్గర తలుపులు ఎత్తగానే పెద్దమనుషులు పసుపు కుంకుమలతో చీరను నీళ్లలో వదులుతారు. ఫొటోలు దిగుతారు, జీడిపప్పు ఉప్మా తింటారు, పోతారు. ఆ నీళ్లు పన్నెండు మైళ్ల కిందనున్న మా శివారు పొలాలకు చేరాయా అని అడిగే నాథుడుండడు.

ఒక్క గణపతిరావు అడిగేవాడు. రైతుసంఘం పెట్టి ఇరవై ఏళ్లు మా తరఫున కొట్లాడాడు. ఏటా ఆ రోజున మా చివరి మడిలో ఖాళీ బిందె ముందు పెట్టుకుని కూర్చునేవాడు. "తల్లికి సీరెట్టీసినారట! మాకాడికి తల్లీ రాలేదు, సీరా రాలేదు" అని పేపరోళ్లకు చెప్పేవాడు. ఆ మాటకే మేం ఓట్లేసి ఎమ్మెల్యేని చేశాం.

గెలిచిన ఏడాదే కాలువ తల దగ్గర చీర వదిలింది ఎవరనుకున్నారు? అతనే. టీవీలో చూసి మా ఆవిడ బుజ్జమ్మ "ఏరు దాటీసినాడు, తెప్ప తగలెట్టీసినాడు" అంది. నాకు కోపం కాదు, సిగ్గేసింది. ఇంటింటికీ తిరిగి ఓటడిగినవాణ్ణి నేనే మరి.

పన్నెండు రోజులైనా నీళ్లు రాలేదు. ఆకుమడి నెర్రెలు విచ్చింది. ఇంకో నాలుగు రోజులాగితే నారు పోతుంది, నారు పోతే రెండెకరాలూ బీడే. వాడిన నారు గుప్పెడు మట్టితో సహా పెరుక్కుని రాజాంలో అతని ఆఫీసుకు పోయాను. 'గారు' అనమని పి.ఏ. ప్రమోద్ చెవిలో చెప్పాడు. నాకు నోరు తిరగలేదు.

"ఏటిరా గణపతీ, నీలొదిలీసినావట?" అని నారు బల్ల మీద పెట్టాను.

"శివారుదాకా ఎల్లిపోనాయని రిపోర్టిచ్చినారు లక్ష్ముడూ."

"అయితే సీర ఏదిరా?"

అతను నారు వేళ్లు నలిపి చూశాడు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు. కారు మా పొలం దగ్గర ఆపించి, కాలువ గట్టు మీద ఎగువకు నడవడం మొదలెట్టాడు. వెనకే నేను.

ఐదు మైళ్లు పోయాక కాలువకు అడ్డంగా ఇసుక బస్తాల కట్ట కనిపించింది. కట్ట పైన నిండుగా నీళ్లు, కింద బురద. పక్కన మోటారు, దాని గొట్టం చేపల చెరువులోకి. బస్తాల మధ్య ఆకుపచ్చ చీర ఇరుక్కుని ఉంది. టీవీలో గణపతి వదిలిందే. చెరువు స్వయానా అతని బావమరిది మోహనకృష్ణది. రిపోర్టు అలా ఎందుకు రాశారో అప్పుడర్థమైంది.

మోహనకృష్ణ పరుగెత్తుకొచ్చాడు. "బావా, నీ గెలుపుకి రేత్రీ పగలూ తిరిగినోణ్ణి. అక్కకేటి సెప్తావు?"

"సీర ఇక్కడ సిక్కుకుపోనాదని సెప్తాను" అని గణపతి పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగాడు. మొదటి బస్తా అతను లాగాడు, రెండోది నేను. ఆరో బస్తాకి మోహనకృష్ణ కూడా దిగాడు, మమ్మల్ని తిట్టుకుంటూనే.

మర్నాటికి మా మడి తడిసింది. సగం నారే బతికింది. దానితో ఎకరా మాత్రమే నాటు ఊడ్చాం.

ఈ ఏడు నీళ్లు వదిలే రోజున అధికారులు కాలువ తల దగ్గర షామియానా వేసి ఎదురుచూశారు. ఎమ్మెల్యే అక్కడికి పోలేదు. మా చివరి మడి గట్టు మీద ఒళ్లో చీర పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు నీళ్లు రాలేదు. రెండో రోజూ రాలేదు. ఫోన్లో ఇంజనీర్లను దులిపేస్తూనే ఉన్నాడు. మూడో రోజు ప్రమోద్ వచ్చి "సార్, రాజాంలో మీటింగున్నాది" అన్నాడు.

"సీర ఒల్లో ఉన్నాది. ఎలా లెగుస్తానురా?"

నాలుగో రోజు పొద్దున్నే నీళ్లొచ్చాయి. నా కళ్లలోనూ వచ్చాయి, దాచుకోవడమెందుకు? గణపతి చీర వదలబోతుంటే బుజ్జమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు అన్నియ్యా! సివరి మడి మాదే. ఇక్కడొదిలితే అదింకెక్కడికెల్తాది? ఇలాగియ్యి, కట్టుకుంటాను."

గణపతి పసుపు కుంకుమలు నీళ్లకిచ్చి, చీర ఆమె చేతుల్లో పెట్టాడు. ఆ చీర కట్టుకునే బుజ్జమ్మ రెండెకరాలూ ఊడ్చింది.