మూడుసార్లు చూసి

విశాలాక్షి ఆరో కాగితం మీద కూడా ‘బాగుంది’ అని రాసి సంతకం పెట్టింది. జూబ్లీహిల్స్‌లోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సు. శిక్షణకొచ్చే అమ్మాయిల పని చూసి మంచిచెడ్డలు చెప్పడం ఆమె వంతే. గుండ్రటి ముఖం, వాచిన మడమలు, మెత్తటి గొంతు. ఒకరిని నొప్పించి ఎరగదు.

ఏడో కాగితం బాలమణిది. రహమత్ నగర్ నుంచి నడిచొచ్చే పిల్ల. ప్రతి శనివారం అడిగేది.

"మేడం, నా పనిల తప్పులేమన్న ఉంటె జర చెప్పున్రి."

"ఏం లేవమ్మా, బాగానే చేస్తున్నావు."

తప్పు ఉంది. రోగి చేతిపట్టీ మీద పేరు చదవకుండా, మంచం నంబరు చూసి మందు ఇచ్చేస్తుంది. విశాలాక్షి మూడుసార్లు చూసింది. పిల్ల ముఖం చిన్నబోతుందని, రేపు చెబుదాంలే అనుకుంది.

ఏడో కాగితం మీదా ‘బాగుంది’ అనే రాసి లేచింది.

ఆ పొద్దున గాలి ఆడటం లేదన్న రామలింగాన్ని కిటికీ పక్కనున్న నాలుగో మంచానికి మార్చారు. ఫిల్మ్‌నగర్‌లో ఉంటూ షూటింగుల్లో లైట్లు మోసే మనిషి. చక్కెర జబ్బు లేదు. అంతకుముందు ఆ మంచం మీదున్నాయనకు రాసిన ఇన్సులిన్ బాలమణి ఇతనికి వేసింది. అరగంటలో ఒళ్లంతా చెమటలు, మాట ముద్దముద్దగా. విశాలాక్షే పరుగెత్తి గ్లూకోజు ఎక్కించింది. మధ్యాహ్నానికి తేరుకుని టీ అడిగాడు.

సూపరింటెండెంటు హైమ ఇద్దరినీ పిలిచింది.

"పేరు చదవకుండా మందిచ్చే ఈ అలవాటు ఇదివరకు మీ కంటపడిందా?"

"లేదండీ," అంది విశాలాక్షి.

బాలమణిని శిక్షణ నుంచి తీసేశారు.

వరండాలో విశాలాక్షి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నేను చూశానమ్మా. మూడుసార్లు. నీకు చెప్పలేదు."

"మొదటిసారే తిట్టినా అయిపోతుండె గద మేడం," అంది బాలమణి నెమ్మదిగా. "నేను అడుగుతనే ఉంటి." చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయింది.

విశాలాక్షి వెనక్కి వెళ్లి, తాను చూసి కూడా ఊరుకున్నానని, ఇందాక అబద్ధమాడానని కాగితం మీద రాసి హైమ ముందు పెట్టింది.

"ఇప్పుడా అండీ?" అంది హైమ.

"ఆ పిల్లని పిలిపించండి. పంపాల్సింది నన్ను."

హైమ కాగితం మడిచింది. "పైవాళ్లకు చూపిస్తాను. ఏమంటారో మరి."

విశాలాక్షి మెట్లు దిగేసరికి, బాలమణి గేటు దాటి చాలాసేపయిందని వాచ్‌మన్ చెప్పాడు. అమ్మాయిలు బట్టలు మార్చుకునే గదిలో ఎవరూ లేరు. కిటికీ గట్టు మీద, బాలమణి ఉదయం బురద కడిగి ఆరబెట్టుకున్న తెల్లటి గుడ్డబూట్లు. లేసులింకా తడిగానే ఉన్నాయి.