గులాబీ కాలి ఏనుగు

పళ్ళ మేస్త్రికి చిన్నప్పటినుంచీ తెల్ల పావులే కావాలి. ఆరేళ్ళప్పుడు చదరంగం పెట్టెలోంచి తెల్లవన్నీ చొక్కాలో మూటగట్టుకుని "ఇవి నావి" అని భీష్మించుకు కూచుంటే, ఎనిమిదేళ్ళు పెద్దదైన అక్క "నీ ఏడుపు వినడం కంటే నల్లవే నయం" అంది. ఆ ఒప్పందం మీదే యాభై ఏళ్ళు గడిచిపోయాయి.

ఇద్దరూ కూచుని ఆడుకోవడం ఎప్పుడో మానేశారు. మేస్త్రి చిక్కులు అల్లుతాడు. బల్ల మీద ఏడుకు మించకుండా పావులు పేర్చి, "నల్లవాళ్ళు ఏం చేసినా సరే, తెల్లవాళ్ళు మూడు ఎత్తుల్లో ఆట కట్టించాలి" అంటాడు. ఏడంటే ఏడే. ముప్ఫై పావులిస్తే ఎవడైనా మేడ కడతాడు, ఏడింటితో గుడిసె నిలబెట్టినవాడిదే పనితనం అంటాడు. అల్లింది తెచ్చి అక్క ముందు పెడతాడు. అక్క నల్లవాళ్ళ తరఫు వకీలు. ఏ సందులోంచైనా నల్ల రాజుని తప్పించిందా, చిక్కు చిత్తయినట్టే. దీనికి ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు: నల్లవైపు కూచున్నవాళ్ళు మొహమాటపడకూడదు.

మొహమాటం అక్క జాతకంలోనే లేదు. టెలిఫోన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు తీగలు కలిపిన మనిషి, ఎవరి మాట ఎక్కడ తెగిందో ఇట్టే పట్టేసేది. మేస్త్రి పావులు పేర్చి గడ్డం నిమురుకుంటుంటే, కళ్ళజోడు సర్దుకుని నింపాదిగా "ఆగు" అనేది. అంతే, వారం రోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరు.

"కాస్త చూసీచూడనట్టు పోకూడదుటే అక్కా?"

"నా పళ్ళు నువ్వే చేశావని కరవడం మానేస్తానా?"

పళ్ళు చేసిన మాట నిజమే. పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసివ్వడం మేస్త్రి వృత్తి. వీధి వైపు గదిలో పొడుగాటి బల్ల, దాని మీద మైనం కరిగించే దీపం, ఎవరెవరి నోళ్ళవో తెల్లటి అచ్చులు వరసగా. ఒకసారి నల్ల ఏనుగు కిందపడి అడుగు విరిగితే, చిగుళ్ళకి వాడే గులాబీ రంగు ముద్దతో అతికించాడు. "నా ఏనుగుకి మేజోడు తొడిగావేమిట్రా?" అని అక్క వారం రోజులు నవ్వింది.

ఆ నవ్వుకి ఈ ఏడాది దగ్గు అడ్డం పడింది. దగ్గు ముదిరి మంచం పట్టింది. డాక్టరు మేస్త్రిని వరండాలోకి పిలిచి, ఇంక నెలల లెక్క కాదు, వారాల లెక్క అన్నాడు. మేస్త్రి తిరిగొచ్చి మైనం దీపం ముందు చాలాసేపు ఊరికే కూచున్నాడు. తర్వాత ఒకటనుకున్నాడు. అక్కకి కళ్ళు కనబడుతుండగానే ఆవిడ పేరు మీద ఒక చిక్కు పత్రికలో రావాలి. అది అల్లాటప్పాది కాకూడదు, వంక పెట్టలేనిదై ఉండాలి.

మూడు వారాలు అదే పని. ఒకరి పై పళ్ళకి ఇంకొకరి కింది పళ్ళు జతచేసి పంపిస్తే, పళ్ళ డాక్టరు ఫోన్ చేసి "ఏం మేస్త్రీ, ఇద్దరికీ పెళ్ళి కుదిర్చావా?" అన్నాడు. చివరికి కుదిరింది. తెల్లవాళ్ళకి రాజు, మంత్రి, గుర్రం, ఒక బంటు. నల్లవాళ్ళకి మూలగడిలో రాజు, గులాబీ కాలి ఏనుగు, ఒక బంటు. మొదటి ఎత్తు గుర్రానిది. ఎగిరొచ్చి సరిగ్గా నల్ల బంటు ముందు నిలబడుతుంది. అంత అందమైన ఎత్తు మేస్త్రి జన్మలో వేసి ఎరగడు.

మధ్యాహ్నం పూట బల్లని మంచం మీదే పెట్టి అక్కని దిండ్లకి ఆనించాడు. ఆవిడ చూసింది. చాలాసేపే చూసింది. ఒక వేలు ఏనుగు నెత్తిమీద పెట్టి అలాగే ఉంచింది. ఇప్పుడంటుంది "ఆగు" అని మేస్త్రి ఊపిరి బిగబట్టాడు.

అక్క వేలు తీసేసింది.

"బాగుందిరా తమ్ముడూ. పంపించు."

"సరిగ్గా చూశావా?"

"చూశానులే. వెళ్ళి ఆ పెళ్ళివాళ్ళ పళ్ళు విడదియ్యి."

సంపాదకుడు పాత నేస్తం. సంగతి తెలిసి ఆ నెలలోనే వేశాడు. పైన "మా అక్కకి" అని అచ్చయింది. అక్క ఆ పేజీని చూపుడువేలితో తడిమి, దిండు కింద పెట్టుకుంది. తొమ్మిదో రోజున పోయింది.

అక్క పోయిన నెలకి కార్డొచ్చింది. పత్రికలో వచ్చే ప్రతి చిక్కునీ విప్పే రైలుగేటు కాపలాదారు రాశాడు. రైలుకీ రైలుకీ మధ్య అతనికి అదే కాలక్షేపం. "అయ్యా, మీ గుర్రం ఎత్తు చూసి చప్పట్లు కొట్టాను. కానీ అది నల్ల బంటు దారి మూసేసింది. నల్ల రాజు ఎటూ కదల్లేడు, ఇక కదిలేది ఏనుగొక్కటే. అది వెళ్ళి మీ రాజు పక్కన నిలబడి చెక్ చెబితే ఏం చేస్తారు? ఇంకొక తెల్ల బంటు పెడితే సర్దుకుంటుందేమో, చూడండి."

మేస్త్రి పావులు పేర్చి చూశాడు. చదరంగంలో ఒక వింత న్యాయం ఉంది. రాజుకి చెక్ లేకుండా, కదపడానికి ఒక్క పావూ లేకుండా పోతే అది ఓటమి కాదు, ఆట సమం. దొంగ వచ్చేసరికి ఇంట్లో ఏమీ మిగలకపోతే దొంగే ఓడినట్టు. ఏనుగుని తింటే సమం, తినకుండా తప్పుకుంటే మూడు ఎత్తుల్లో ఆట కట్టదు. తన చేత్తోనే ఆ బంటు దారి మూశాడు.

"అక్కకి కూడా కనబడలేదంటే చూపు ఎంత మందగించిందో పాపం," అన్నాడు భార్యతో.

ఆవిడ గుమ్మంలో కూచుని బట్టలు మడతపెడుతోంది. మడుస్తున్న తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది.

"కనబడిందండీ."

"ఏమిటి?"

"ఆ రోజు మీరు బయటికెళ్ళాక, వదిన నా చేత మళ్ళీ పేర్పించింది. ఆ గులాబీ కాలిదాన్ని తీసుకెళ్ళి మీ రాజు పక్కన పెట్టి, దగ్గొచ్చేదాకా నవ్వింది. ఏమిటొదినా అంటే, ఏం లేదు, వాడితో చెప్పకు అంది. చెబితే మళ్ళీ మొదలుపెడతాడు, అయ్యేదాకా నేనుండొద్దూ అంది."

మేస్త్రి లేచి పని గదిలోకి వెళ్ళి, ఆరిపోయి ఉన్న దీపాన్ని మళ్ళీ ఆర్పి వచ్చాడు.

"యాభై ఏళ్ళలో ఒక్కసారి నన్ను వదిలిపెట్టలేదే. జ్వరంలో ఉన్నా వదల్లేదు. నా పెళ్ళినాడు కూడా ఆగు అంది. చివరికొచ్చేసరికి వదిలేసింది."

"మీమీద ప్రేమకొద్దీ కదండీ."

"అదే కదా." కార్డుని బోర్లించి పెట్టాడు. "నాతో పోట్లాడ్డం మానేసిన రోజే వెళ్ళిపోయింది. నేనేమో పంపించు అందని ఎగురుకుంటూ పోస్టాఫీసుకి పోయాను."

కొంతసేపటికి కాగితం తీసుకుని పత్రికకి రాశాడు. "గేటాయన చెప్పింది నిజం. చిక్కు చిత్తయింది. కానీ ఆ కాపుదల ముందుగా కనిపెట్టింది మా అక్క. జవాబు వేసేటప్పుడు పైన 'మా అక్కకి' అన్న మాట తీసేయండి. కింద 'నల్లవాళ్ళ తరఫున: అక్క' అని వేయండి."

భార్య భుజం మీదుగా చదివింది. "ఇంకో బంటు పెడితే సరిపోతుందని ఆయన రాశాడుగా?"

"పెడితే ఎనిమిది."

"అయితే ఏం?"

"అక్క ఒప్పుకోదు."

ఆవిడ బట్టలెత్తుకుని లోపలికెళ్ళింది. మేస్త్రి ఏడు పావులూ మళ్ళీ సర్దాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి నల్లవైపు కుర్చీలో కూచున్నాడు. తన తెల్ల రాజు ఇక్కడినుంచి చూస్తే దూరంగా, ఒంటరిగా ఉన్నాడు. చెయ్యి చాపి గుర్రం ఎత్తు వేశాడు. గులాబీ కాలి ఏనుగుని పట్టుకున్నాడు. అక్క వేళ్ళకి అరిగి నెత్తి నున్నగా ఉంది. దాన్ని తీసుకెళ్ళి రాజు పక్కన నిలబెట్టాడు.

"ఆగు," అన్నాడు పైకే.

ఆ మాట అతని నోట కుదరలేదు.

"ఏమిటండీ, పిలిచారా?" అంది లోపల్నుంచి భార్య.

"ఏం లేదు," అన్నాడు.