కాగితం మీది రాతికట్ట

డబ్లిన్ సర్కారు నుంచి జవాబు వచ్చిందని తెలిసి ఐర్లండు తీరంలోని కిలార్డన్ చేపలవాళ్లందరూ బడి ముందు చేరారు. పంతులు కార్మక్‌కు చూపు మందగించి నాలుగేళ్లయింది. వచ్చే ఉత్తరాలు చదివేదీ, వెళ్లేవి రాసేదీ అతని చెల్లెలు సబీనాయే.

ఆ చలికాలం గాలివానలకు రేవులో మూడు పడవలు బండలకు కొట్టుకుని ముక్కలయ్యాయి. ఒకటి బార్త్లీది. రాళ్లు మేమే మోస్తాం, అలలకు అడ్డంగా రాతికట్ట కట్టడానికి మేస్త్రీలను పంపండి చాలని అతను సబీనా చేత అర్జీ రాయించాడు.

"చదువమ్మాయ్," అన్నాడు బార్త్లీ. "ఆ దొరల భాష వద్దు. మన మాటల్లో చెప్పు."

ఆమె కళ్లు అప్పటికే నాలుగో వరుస మీద ఆగిపోయాయి.

"కిలార్డన్‌కు మంచి రాతికట్ట ఉందనీ, ఎంత పోటులోనైనా పెద్ద పడవలు ఆగుతాయనీ సర్కారువారు ఊళ్ల వివరాలతో అచ్చు వేసిన గ్రంథంలో ఉందట. ఉన్నచోట మళ్లీ కట్టరట. ఈ ఏటి మేస్త్రీలను వేరే రేవుకు పంపేశారట."

బార్త్లీ భార్య ఊనా ఫక్కున నవ్వింది.

"ఏమయ్యా, అంత కట్టను ఎక్కడ పెట్టి మరిచావ్? మొన్న నీ టోపీ మీద కూర్చున్నట్టు దానిమీదే కూర్చున్నావేమో, లేచి చూసుకో!"

"మన పందిదొడ్డి గోడకు రాళ్లు ఎక్కడివనుకున్నావే మరి?" అన్నాడు బార్త్లీ.

అందరూ నవ్వారు. బార్త్లీ మాత్రం నవ్వలేదు.

"ఎవరో తర్వాత చేర్చిన అబద్ధం ఇది," అన్నాడు కార్మక్. "అచ్చుకు ముందు కాగితం మనకే పంపారు కదా, తప్పులు దిద్దమని. సబీనా అక్షరం పొల్లుపోకుండా వినిపించింది నాకు. కట్ట ఊసే లేదు. గట్టిగా రాద్దాం."

రెండేళ్ల కిందటి ఆ కాగితం సబీనా కళ్లముందు కదిలింది. నేల సారం లేనిది, ఇళ్లు మట్టివి, జనం బీదవారు అని వరసగా రాసి, చివర ఆ కట్ట. చూడగానే పోల్చుకుంది. సముద్రం అవతల స్కాట్లండులోనూ ఒక కిలార్డన్ ఉంది. అక్కడి పాస్టరు నలభై ఏళ్ల కిందట తన ఊరి సంగతులు రాసిన పుస్తకం ఒకటి బడి అరలో ఉంది. చలిమంట దగ్గర దాన్ని ఎన్నిసార్లు చదివిందో! పేరు ఒకటే కావడంతో డబ్లిన్‌లో ఎవరో అక్కడి కట్టను ఇక్కడికి చేర్చారు.

ఇళ్ల సంఖ్య దిద్దింది. కొండ పేరు దిద్దింది. కట్ట దగ్గరకు వచ్చేసరికి కలం ఆగింది. ఊరి గురించి ఉన్న ఒక్క మంచి మాట అదే. ఉంటే ఎవరికి నష్టం అనుకుంది. అన్న వింటే కొట్టేయిస్తాడని ఆ వాక్యం దాటేసి చదివింది.

"తర్వాత చేర్చింది కాదన్నయ్యా," అంది. "ముందే ఉంది. నేనే ఉంచేశాను."

ఉన్నదంతా చెప్పింది. కార్మక్ ఆమె గొంతు వచ్చినవైపు ముఖం తిప్పాడు.

"నా కళ్లు నువ్వే కదే," అన్నాడు.

ఊనా శాలువా తలమీదికి లాక్కుంది. "ఒక్క మంచి మాటా దొరకలేదా అమ్మాయ్, మా గురించి? అడిగితే పది చెప్పేవాళ్లం కదా!"

సబీనా ఆ సాయంత్రమే రెండో ఉత్తరం రాసింది. తప్పు తనదేనని రాసి కింద తన పేరు పెట్టింది. అది చేరి, మేస్త్రీలు వచ్చేలోపు మరో చలికాలం వచ్చిపడుతుంది. ఆ సంగతి చెప్పడానికి ఒడ్డుకు వెళ్లింది. ఆటు సమయం. బార్త్లీ పాత పడవ చెక్కలు ఏరుతున్నాడు. అంతా విన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

"ఆ స్కాట్లండోళ్ల కట్ట ఎంత పొడుగు?" అని అడిగాడు.

"ఎనభై అంగలని రాశాడు ఆ పాస్టరు."

చెక్కలు కింద పెట్టి, నల్లబండ దగ్గర నిలబడి, సముద్రంవైపు అంగలు లెక్కపెడుతూ నడిచాడు. ముప్ఫై దగ్గర నీళ్లు నడుము దాటాయి. వెనక్కి తిరిగాడు.

"ఇంకా ఎన్నమ్మాయ్?"

"యాభై," అంది సబీనా.

గాలికి వినపడలేదు కాబోలు, మళ్లీ అడిగాడు.