మహారాణి ఏం తింది?

గొర్రె ఏం తిన్నదో దాని నోరు చెప్పదు, పెంటికలు చెబుతాయి. ఆ భాష నాకు వచ్చినంత బాగా ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. ఇందులో గొప్పలేమీ లేవు. పశువుల మేత పరీక్షించే ప్రయోగశాలలో నా ఉద్యోగమే అది. అందుకే తమ తగువు తీర్చమని అక్కా బావా నన్ను పిలిచారు.

తగువు చిన్నది కాదు. మందంతా చూడితో ఉంది. కిందటేడు పుట్టిన పిల్లల్లో సగం లేచి నిలబడలేకే చచ్చిపోయాయి. ఈసారైనా దాణా పెడదామని అక్క. కొండ నిండా గడ్డి ఉండగా దాణా దండగని బావ.

"నీ మాటే ఖాయం మరదలా. తర్వాత మాట మార్చకూడదు మరి," అన్నాడు బావ.

"మాట మార్చడం మీ ఇంటి అలవాటు, మాది కాదు," అన్నాను.

పెంటికల కోసం వెనక గుడ్డసంచి కడదామంటే ఒక్క గొర్రె దగ్గరికి రానిస్తే ఒట్టు. ఒక్క మహారాణి తప్ప. తల్లి చచ్చిపోతే అక్క సీసాపాలు పట్టి పెంచిన గొర్రె అది. మనిషి కనిపిస్తే చాలు, ఒళ్ళోకి ఎక్కబోతుంది. దానికే సంచి కట్టాను. కొన్నాళ్ళు పెంటికలు పోగుచేసి, ఎండబెట్టి, పొడికొట్టి, మేతలో బలం ఎంతుందో చెప్పే మాంసకృత్తుల లెక్క తీశాను.

లెక్క భేషుగ్గా వచ్చింది, అంటే గడ్డే చాలుతున్నట్టు. బావ మీసం మెలేశాడు. అక్క మొహం మాడిపోయింది. నాకు మాత్రం మింగుడుపడలేదు. కొండ మీద ఎండిన గడ్డి మేసే గొర్రెకి అంత బలం ఎక్కణ్ణుంచి వస్తుంది? చిటికెడు పొడి మైక్రోస్కోపు కింద పెట్టాను. గడ్డిపీచు మధ్య మొక్కజొన్న పొట్టు, దాని పక్కన గోధుమ తవుడు కనిపించాయి. చేతికి దొరికిందని గారాల గొర్రెను కొలిస్తే మంద లెక్క ఎలా వస్తుంది? నాకే నవ్వొచ్చింది.

నేరుగా వంటింట్లోకి వెళ్ళి అక్కను నిలదీశాను. బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"రోజూ గుప్పెడు మొక్కజొన్న పెట్టిన మాట నిజమే," అంది అక్క.

"నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు కదక్కా!"

"ఏం చెయ్యను? మీరు కొలుస్తున్నారని దాని ఆకలి ఆగుతుందా? అన్నిటికీ పెడదామంటే ఈయన ఒప్పుకోరాయె."

"మరి తవుడు?"

"తవుడేంటి? నేనెప్పుడూ పెట్టలేదే."

ఇద్దరం ఒకేసారి గుమ్మం వైపు తిరిగాం. బావ చెవులు ఎర్రబడ్డాయి.

"పొద్దున్నే వెంటపడుతుంది," అని గొణిగాడు. "కొంచెమేలే."

"గడ్డి చాలుతుందన్నావుగా బావా?"



"చాలదు," అన్నాడు బావ. "కిందటేడే తెలిసింది. ఆ పిల్లల్ని పాతిపెట్టింది ఈ చేతులే. చాలదని ఒప్పుకుంటే, వాటిని నేనే చంపినట్టు కదా."

ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపమంతా పోయి నాకు ఏడుపొచ్చింది. అక్క చేతులు తుడుచుకుని ఆయన పక్కకు వెళ్ళింది.

"కిందటేడు నేను మాత్రం గట్టిగా అడిగానా? ఆ పాపం ఇద్దరిదీ. పదండి, అటక మీది దాణా బస్తా దింపుదాం."

చెరో కొసా పట్టుకుని దాణా బస్తాను దొడ్డి దాకా మోశారు. మందంతా అరుస్తూ తొట్ల మీద పడింది. ఈ ఏడు పిల్లలు లేచి నిలబడతాయి. అది చెప్పడానికి నాకు ఏ మైక్రోస్కోపూ అక్కర్లేదు.