బయూ ఒడ్డు ఇంటికి బీమా

"ఇల్లు మీకేనమ్మాయ్" అని ఇంటి ఓనరు మిస్ వెర్నా ఫోన్లో చెప్పేసరికి నేను బెండకాయలు తరుగుతున్నాను. కత్తి అక్కడే పడేసి, ఆ జిగురు చేతులతోనే మా ఆయన మెడ పట్టుకుని గెంతాను. కొత్తగా పెళ్లయినవాళ్లం. 'మా ఆయన' అన్న మాట అవసరం లేని చోట కూడా వాడేస్తుంటాను.

స్తంభాల మీద కట్టిన రెండు గదుల ఇల్లు. వంటింటి సింకు ఎదురుగా కిటికీ, దాని కింద బయూ అనే మందకొడి కాలవ నీళ్లు. అంట్లు తోముతూ రొయ్యల పడవలు చూడొచ్చు! పైగా పోయిన తుఫాను సగం ఊరిని ఊడ్చుకుపోయాక మా హూమాలో అద్దె ఇల్లు దొరకడమే గగనం. మా ఆయన డేన్ వాళ్లన్న ఇంట్లో, హాల్లో సోఫా మీద పడుకుంటున్నాం. ఆ అన్న ఇల్లమ్మేసి శనివారం టెక్సస్ వెళ్లిపోతున్నాడు. ఆ తర్వాత మాకు సోఫా కూడా లేదు.

మిస్ వెర్నా షరతు ఒక్కటే.

"మీ సామానుకి బీమా చేయించిన కాగితం శుక్రవారంలోగా తెస్తేనే తాళం. పోయినసారి అద్దెకున్నవాళ్ల టీవీ గాలికెగిరిపోతే నన్ను కోర్టుకీడ్చారు. మళ్లీ ఆ తిరుగుడు నావల్ల కాదు."

ఆ సోమవారం సాయంత్రమే బీమా ఏజెంటు క్లెబర్ గారి దగ్గరికి పరుగెత్తాం. ఆయన చెప్పిన ధరకి నా నోరు తెరుచుకుపోయింది.

"మాకున్నది ఒక పరుపు, రెండు కుర్చీలు, పెళ్లికొచ్చిన గిన్నెలేనండీ!"

"ధర పరుపుకి కాదు తల్లీ, అది వేసుకునే చోటుకి. అదే పరుపు సముద్రానికి దూరంగా లఫాయెట్‌లో వేసుకో, ఇందులో మూడోవంతు కడతావు. ఇక్కడ సముద్రపు గాలి సరాసరి మీ గుమ్మంలోకే వస్తుంది. ఫైరింజన్ రావాలంటే వంతెన దాటాలి. పోయినసారి ఆ రోడ్డు మీద ప్రతి కొంపకీ కంపెనీలు డబ్బు కట్టాయి, మర్చిపోతాయా?"

"మరి వరదొస్తే?" అన్నాడు డేన్.

"దానికి వేరే పాలసీ నాయనా. ఇది గాలికీ, నిప్పుకీ, దొంగలకీ."

"ఈ డబ్బుతో పడవే కొనుక్కోవచ్చు."

"కొనుక్కో. దానికీ బీమా చేస్తా."

నవ్వుకుంటూ బయటికొచ్చాం. చదువుకున్నవాళ్లం కదా, ఇంకెక్కడో చవగ్గా దొరక్కపోతుందా అనుకున్నాం. రెండు రోజులు ఫోన్లు చేస్తూనే ఉన్నాం. అందరూ తేనెలా మాట్లాడేవాళ్లు, మా చిరునామా చెప్పేదాకా. ఒకమ్మాయైతే "అయ్యో" అనేసి నాలుక కరుచుకుంది.

"మా అక్క చిరునామా ఇద్దామా? లఫాయెట్ కదా" అన్నాడు డేన్.

"రేపు నిప్పంటుకుంటే, పరుపు లఫాయెట్‌లో ఉంటూనే హూమాలో కాలిందని చెబుతావా?"

గురువారం మధ్యాహ్నానికి ఓడిపోయాం. ఎంతైతే అంత కట్టేద్దామని వెళ్తే, క్లెబర్ గారు ఆఫీసు కిటికీకి ప్లైవుడ్ బిగిస్తున్నారు. తుఫానొచ్చే ముందు చేసే పని అది.

"ఆలస్యం చేశారమ్మా. పొద్దునే దానికి పేరు పెట్టేశారు."

పేరున్న తుఫాను మా తీరం ముందున్న సముద్రం గల్ఫ్‌లో అడుగుపెట్టిందంటే, అది దాటిపోయేదాకా ఏ కంపెనీ కొత్త పాలసీ రాయదు. ఈ తీరంలో పుట్టిన పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మాకూ తెలుసు. కానీ ధర చూస్తూ ఆకాశం చూడలేదు.

"మూడు రెట్లు కడతానండీ" అన్నాను.

"సోమవారం ఒక రెట్టుకే పారిపోయారు. ఇప్పుడు మా అమ్మ వచ్చి అడిగినా కంప్యూటర్ తీసుకోదు."

ట్రక్కులో కూర్చుని మిస్ వెర్నాకి ఫోన్ చేశాను. అటువైపు చెక్కలు ఈడుస్తున్న చప్పుడు, ఆమె ఆయాసం.

"కాగితం లేకపోతే తాళం లేదు. తుఫాను పోయాక ఎవరు ముందు తెస్తే వాళ్లకే. నీళ్లు, అన్నం చూసుకోండి, ఉంటా."

ఏడ్చాను. ఇంకా మాది కాని కిటికీ కోసం వెక్కి వెక్కి ఏడ్చాను. శనివారం మా పరుపు వీధిలో, ఆదివారం తుఫాను. డేన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆమె భయం మన మీద కాదు కదా, మన సామాను మీద" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"అయితే?"

"ఒక్క గిన్నె కూడా లోపల పెట్టం. మొత్తం మీ అన్నయ్య సామాను లారీలో టెక్సస్ పంపేద్దాం. పోవడానికేమీ లేనప్పుడు కోర్టెందుకు? తాళం మాత్రం ఇమ్మందాం. తుఫానుకి లఫాయెట్లో మీ అక్కింటికి పోయి, దాటాక తిరిగొద్దాం. క్లెబర్ గారు తలుపు తీసిన రోజే కాగితం తెస్తాం."

"ఒట్టి నేల మీద పడుకుంటావా?"

"నువ్వుంటావుగా."

"ఆమె ఒప్పుకోకపోతే?"

"నాకు తెలీదు డేన్. ముసలావిడ ఒక్కతే చెక్కలు మోస్తోంది. రేపు తెల్లారగానే పోయి ఆ కిటికీలన్నీ మనమే బిగిద్దాం. తర్వాత అడుగుదాం. పద, మీ అన్న ఇంట్లో నిచ్చెన ట్రక్కులోకి ఎక్కించు."