వీధులు తిరిగిన రక్తపు చుక్క

రండి రండి, గడప దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి జరగండి. వెనకాల గుసగుసలాడే ఆ ఇద్దరూ నా కుర్చీ పక్కకే రండి, మీ కోసమే ఇక్కడ చోటుంచాను. కూర్చున్నారా? ఇప్పుడు ఎవరి చూపుడువేలు వాళ్ళు ఒకసారి చూసుకోండి. ఆ వేలి కొసన ఒక్క చుక్క రక్తంలో ఎంత జ్ఞాపకం పడుతుందో తెలుసా? అయితే వినండి.

ఒక ఊరి ఆరోగ్య కేంద్రంలో ఒకామె పనిచేసేది. పొద్దున్నే సంచిలో సూదులు, దూది, మందపాటి తెల్లకాగితాలు సర్దుకుని ఇల్లిల్లూ తిరిగేది. ఊరంతా ఆమెను సూదక్క అనేవారు. ఆమె వీధి మొదట్లో కనబడితే చాలు, పిల్లలు చేతులు వెనక్కి దాచుకునేవాళ్ళు. పెద్దవాళ్ళకీ దాచుకోవాలనే ఉండేది కానీ, సిగ్గుపడి చాపేవాళ్ళు.

ఆ ఏడాది ఆమె మట్టిజ్వరం జాడ తీస్తోంది. డాక్టర్లు దానికి పెట్టుకున్న పేరు పలికితే నాలుక మెలిపడుతుంది, మనం మట్టిజ్వరమనే అందాం. దాని సూక్ష్మజీవి తడిమట్టిలో, బురదనీటిలో కాపురముంటుంది. కాలి పగుళ్ళలోంచో, తాగే నీళ్ళలోంచో ఒంట్లోకి దూరుతుంది. చాలామందిని ఏమీ చేయదు. షుగరున్న వాళ్ళు దొరికితే మాత్రం మంచాన పడేస్తుంది. అయితే దొంగ ఒక్కసారి దూరాడంటే, మన ఒళ్ళు వాడిని పట్టే కాపలావాళ్ళను తయారుచేసుకుంటుంది. వాళ్ళనే యాంటీబాడీలంటారు. దొంగ పోయినా వాళ్ళు చాలాకాలం గస్తీ తిరుగుతూనే ఉంటారు. కాపలావాళ్ళు కనబడ్డారంటే, దొంగ ఎప్పుడో వచ్చి వెళ్ళాడన్నమాట.

సూదక్క ఒక్కో మనిషి దగ్గర రెండు చుక్కలు తీసేది. ఒకటి ప్రయోగశాలలోని యంత్రానికి, రెండోది తాడుకి. వరండాలో కట్టిన తాడుకి ఆ కాగితాన్ని ఒక్క క్లిప్పుతో వేలాడదీస్తే, చుక్క ఆరాక, తనకి దొంగ ఎదురైన చోటువైపు మెల్లగా తల తిప్పేది. రైతుల కాగితాలు పొలాలవైపు చూసేవి, ఇటుక పనివాళ్ళవి బట్టీ గుంటవైపు. కాపలావాళ్ళు లేని చుక్క ఎటూ చూడక ఊరికే ఊగేది. దీనికెవరూ ముక్కున వేలేసుకోలేదు. దెబ్బ తగిలిన చోటు ఎవరికి గుర్తుండదు? కాగితాలు ఆరేటప్పుడు ఫ్యాను మాత్రం ఆపేవాళ్ళు, అంతే.

అలాంటి రోజుల్లో సూదక్క వదిన ఆసుపత్రిలో చేరింది. వదినంటే సొంత అన్న భార్య, పేరున్న టైలరు. ఆమె చేతిలో కత్తెరకంటే నోట్లో కత్తెరకి పదునెక్కువ. అలాంటి మనిషి పన్నెండు రోజుల జ్వరంతో, దగ్గుతో నోరు మెదపడమే గగనమైంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది.

"క్షయలాగే ఉందమ్మా. నాలుగింటికి ఆ మందులు మొదలుపెడతాను," అంది డాక్టరమ్మ.

"మట్టిజ్వరమేమోనండీ? వదినకి షుగరుంది."

"బురదలో కాలుపెట్టని మనిషికి మట్టిజ్వరం ఎలా వస్తుంది? పరీక్షకి పంపిస్తాను, కానీ జవాబుకి మూడు రోజులు పడుతుంది. ఈలోగా తప్పు మందిస్తే ఈవిడ మూడు రోజులు తట్టుకోలేదు. నాకు కారణం చూపించు, ఇప్పుడే మందు మారుస్తాను."

సూదక్క వదిన వేలు పట్టుకుంది. వదిన ఒక కన్ను తెరిచింది. "ఇన్నేళ్ళూ గుడ్డలకి నేను గుచ్చాను. ఇవాళ నీకు దొరికానా? కుట్టుపని చేసే వేలే అది, జాగ్రత్త."

ఆసుపత్రి వరండాలో ఆ కాగితం ఆరీ ఆరకముందే తల తిప్పింది. బజారువైపు! సూదక్క డాక్టరమ్మని లాక్కొచ్చి చూపించింది. డాక్టరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది. "ఎప్పుడో కలిసిందని దానర్థం. ఇప్పటి జబ్బు అదేనని కాదు. ఎక్కడ, ఎప్పుడు, అది తేల్చు."

సూదక్క మళ్ళీ చూసేసరికి కాగితం బస్టాండువైపు తిరిగి ఉంది. క్లిప్పు వదులైందనుకుని మార్చింది. కాసేపటికి బడివైపు! ఇంకో క్లిప్పు పెట్టింది. ఈసారి రైలుగేటువైపు!

ఆరోగ్య కేంద్రం జీపు నడిపే మామయ్య మెట్ల మీద కూర్చుని అంతా చూస్తున్నాడు. "ఎన్ని క్లిప్పులు మారుస్తావే తల్లీ? ఆ కాగితానికి లేని తిక్క క్లిప్పుకెందుకుంటుంది?"

వదిన వీధివాళ్ళ కాగితాలు ఇంకెవరివైనా ఇలా తిరిగాయా అని అప్పుడామె తన సర్వే ఫారం తీసి చూసుకుంది. వృత్తి అన్నచోట మూడే గళ్ళున్నాయి. రైతు, కూలీ, ఇటుక పని. టైలరుకి గడే లేదు! అందుకే వదిన ఉండే వీధిలో ఒక్క వేలూ గుచ్చలేదు. మట్టిజ్వరం కదా అని కాళ్ళకి మట్టి ఉన్న వాళ్ళనే అడిగింది. దీపం వెలుగున్న చోటే పోయిన సూదిని వెతికినట్టయింది.

"మామయ్యా, జీపు తియ్యి!"

ఆ వీధిలో మంగలిని పట్టుకుంది, గడియారాలు బాగుచేసే ముసలాయన్ని పట్టుకుంది, పప్పులు అమ్మే అక్కాచెల్లెళ్ళని పట్టుకుంది, మేడ మీది నుంచి దిగనని మొరాయించిన లెక్కల మాస్టారిని కూడా పట్టుకుంది. ఐదు చుక్కలూ ఆరాయి. వదినదానితో కలిపి ఆరు కాగితాలనీ జీపులో కిటికీకీ కిటికీకీ మధ్య తాడుకట్టి వేలాడదీసి, అద్దాలు ఎక్కించింది. ఆరూ ఒక్కసారే తలతిప్పాయి. ఆరూ కలిసి మెల్లగా పక్కకి జరిగాయి. అన్నం గిన్నె ఎటు పోతే అటు చూస్తారే మీరు, అచ్చం అలాగే!

"మామయ్యా, అది ఒకచోట ఉండటం లేదు. తిరుగుతోంది!"

"ఏది?"

"తెలిస్తే నీకు చెప్పనా? ఎడమకి తిప్పు!"

ఇక చూడాలి ఆ జీపు పరుగు! ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి. "త్వరగా చెప్పవే, ముందు రిక్షా ఉంది!" అని మామయ్య. "నేనేం చెయ్యను, కాగితాలు చెప్పాలిగా!" అని సూదక్క. రైలుగేటు పడబోతుంటే కింద నుంచి సర్రున దాటారు. మీరు మాత్రం ఎప్పుడూ అలా దాటకండి. గేటు దాటాక ఒక నీలం రంగు నీళ్ళ ట్యాంకరు వెనక ఇరుక్కున్నారు. మామయ్య హారన్ కొట్టి పక్కనుంచి ముందుకి దూసుకెళ్ళాడు. అంతే, ఆరు కాగితాలూ గిర్రున వెనక్కి తిరిగాయి!

"ఆపు మామయ్యా! దాటేశాం! అదే, ఆ ట్యాంకరే!"

ట్యాంకరు బాబాయి దిగివచ్చాడు. మెత్తని మనిషి, ఎండకి ముఖం వాడిపోయి ఉంది. "నేనేం తప్పు చేశానమ్మా?"

"ఈ నీళ్ళెక్కడివి బాబాయ్?"

"బోరు ఎండిపోయి నెలైంది. అలాగని వీధుల్లో జనం నోళ్ళెండబెట్టనా? బట్టీ గుంటలోంచి తోడి తెస్తున్నాను. పైకి తేటగానే ఉంటాయి."

సూదక్క అడుగు కుళాయి తిప్పింది. ముందు నీళ్ళొచ్చాయి, తర్వాత ఎర్రటి బురద జారింది. దాన్ని ఒక సీసాలో పట్టుకుంది. బట్టీ గుంట! ఇటుక పనివాళ్ళ కాగితాలన్నీ చూసేది ఆ గుంటవైపే. ఎక్కడన్నది తేలింది. ఎప్పుడన్నది కూడా తేలింది, నెల నుంచీ. వదిన జ్వరానికి పన్నెండు రోజులు.

"నాలుగవడానికి ఇరవై నిమిషాలే ఉన్నాయి!" అన్నాడు మామయ్య, అప్పటికే జీపెక్కి.

వాళ్ళు చేరేసరికి నర్సు మాత్రల కాగితం చింపుతోంది. సూదక్క రొప్పుతూ బురద సీసాని డాక్టరమ్మ బల్లమీద పెట్టి, ట్యాంకరు సంగతంతా చెప్పింది. డాక్టరమ్మ అంతా విని, సీసాని వెలుతురుకి పట్టి చూసింది. "ఈవిడ బురదలోకి వెళ్ళలేదు. బురదే బిందెలో కూర్చుని ఇంటికొచ్చింది," అని, నర్సువైపు తిరిగి, "ఆ మాత్రలు పక్కన పెట్టు. మట్టిజ్వరం ఇంజెక్షను తీసుకురా," అంది.

మూడో రోజు ప్రయోగశాల ఫోను చేసింది. వదిన రక్తంలో పెరిగింది మట్టిజ్వరం సూక్ష్మజీవే. పదో రోజుకి జ్వరం దిగింది. పదకొండో రోజు పక్కమంచం ఆవిడ జాకెట్టు చూసి, "ఎవరు కుట్టారమ్మా ఇది, కళ్ళు మూసుకుని కుట్టారా?" అంది వదిన. అది విన్నాకే సూదక్క ఏడ్చింది.

తర్వాత ట్యాంకరుని కడిగారు. వేరే బోరు నీళ్ళు పట్టి మందు కలుపుతున్నారు. సూదక్క ఫారంలో కొత్త గడి గీసింది, "మీ ఇంటికి నీళ్ళెక్కడివి?" అని. ఇప్పుడామె అందరి వేళ్ళూ గుచ్చుతుంది.

వదిన కాగితం ఏమైందంటారా? ఆమె కుట్టుమిషను పైన వేలాడుతూనే ఉంది. నీళ్ళు మంచివయినా నెత్తురు మరవదు కదా! ట్యాంకరు ఇంకా మూడు వీధుల అవతల ఉండగానే కాగితం తల తిప్పుతుంది. వదిన పెడలు ఆపి వీధిలోకి కేకేస్తుంది. "బిందెలు తెచ్చుకోండమ్మా, బజారు మలుపు తిరిగాడు! కాచి తాగండి, చెబుతున్నా!"

సరే, లేవండి ఇక. ఇళ్ళల్లో అన్నం చల్లారిపోతోంది. పొండి, చేతులు కడుక్కుని కూర్చోండి. మొదటి ముద్దకి ముందు అమ్మనో నాన్ననో అడగండి, ఈ నీళ్ళెక్కడివని.